సైలెన్సరు కథ

అచ్చంపేట వంటి పట్టణాల వీధులలో పాత మోటారు సైకిళ్ళు నేటికీ చాలానే తిరుగుతున్నవి. తండ్రి నడిపిన రాజ్‌దూత్, మేనమామ వాడిన ఆర్‌ఎక్స్ 100, ఎవరో అమ్మగా కొన్న బుల్లెట్టు - ఇవి చేతికి రాగానే కుర్రవాళ్ళకు మొదట తోచే మార్పు ఒకటున్నది. సైలెన్సరు చివరి బోల్టు విప్పి, లోపల ఉండే చిల్లుల గొట్టాన్ని పీకివేయటం. దీనినే మన మెకానిక్కులు జాలీ అంటారు. జాలీ తీస్తే పొగ ధారాళంగా బయటికి పోతుందనీ, దానితో బండికి లాగుడు పెరుగుతుందనీ నమ్మకం. చప్పుడు పెరిగిన మాట నిజమే. మరి బలం పెరిగిందా? ఈ ప్రశ్నకు సమాధానం సైలెన్సరు పుట్టి పెరిగిన చరిత్రలోనే ఉన్నది.

చప్పుడు ఎందుకు పుడుతుంది?

ఇంజను సిలిండరులో పెట్రోలు ఆవిరి, గాలి కలిసి మండినప్పుడు వాయువులు విపరీతమైన వేడితో, ఒత్తిడితో వ్యాకోచించి పిస్టనును నెట్టుతవి. పని ముగిసిన తరువాత కూడ వాటిలో కొంత ఒత్తిడి మిగిలే ఉంటుంది. నిర్గమ ద్వారం తెరుచుకోగానే ఆ వాయువులు ఒక్కసారిగా బయటికి దూకి, చుట్టూ ఉన్న గాలిని కొట్టుతవి. ఈ దెబ్బయే మనకు వినపడే మోత. నిమిషానికి 6,000 సార్లు తిరిగే రెండు స్ట్రోకుల ఇంజనులో సెకనుకు ఇటువంటి దెబ్బలు నూరు పడతవి.

తొలినాటి మోటారు బండ్ల మోతకు వీధులలో గుర్రాలు బెదిరిపోయేవి. అమెరికాలోని ఇండియానా రాష్ట్రానికి చెందిన మిల్టన్ రీవ్స్ అనే ఆయన తన సోదరునితో కలిసి ఇంజనుల మోతను అణచే పరికరానికి 1897లో పేటెంటు పొందాడు. వాయువులను సన్నని గొట్టం నుండి విశాలమైన డబ్బాలోకి వదలి, వ్యాకోచింపజేసి, చల్లబరచి, చిన్నచిన్న ధారలుగా బయటికి పంపటం ఇటువంటి పరికరాల కీలకం.

అయితే ఆనాటి డబ్బాలు ఇంజనుకు పెద్ద ఆటంకంగా ఉండేవి. పొగ త్వరగా పోక లోపలే ఒత్తిడి నిలిచేది. అందుచేత చాలా బండ్లకు కట్ అవుట్ అనే కవాటం పెట్టేవారు. ఊరు దాటగానే మీట లాగితే పొగ సైలెన్సరును తప్పించుకొని నేరుగా బయటపడేది. బండికి కొంత బలం కలిసి వచ్చేది. సైలెన్సరు బలాన్ని తింటుందన్న నమ్మకం ఆ రోజులలో పుట్టినదే. ఆనాటికి అది చాలావరకు నిజం కూడ. ఇంగ్లండులో 1907లో తెరచిన బ్రూక్‌ల్యాండ్స్ పందెపు బాటకు ఇరుగుపొరుగున ఉన్నవారు మోత భరించలేక 1920ల నడుమ న్యాయస్థానం మెట్లెక్కారు. దాని ఫలితంగా పందెపు బండ్లకు సైతం పెద్ద సైలెన్సరు డబ్బా తగిలించక తప్పలేదు.

తలుపు లేని గది

కథ మలుపు తిరిగింది రెండు స్ట్రోకుల ఇంజనుల వలన. బుల్లెట్టు వంటి నాలుగు స్ట్రోకుల ఇంజనులో పొగ పోవటానికి ఒక కవాటం, కొత్త ఇంధనం రావటానికి మరొక కవాటం ఉంటవి. రాజ్‌దూత్, యెజ్డీ, ఆర్‌ఎక్స్ 100 వంటి రెండు స్ట్రోకుల బండ్ల సిలిండరులో అటువంటి కవాటాలు లేవు. సిలిండరు గోడలోని రంధ్రాలను పిస్టనే మూస్తూ, తెరుస్తూ ఉంటుంది. పొగ పోయే రంధ్రం ఇంకా తెరచి ఉండగానే కొత్త ఇంధనం లోపలికి వస్తుంది. వచ్చిన ఇంధనంలో కొంత భాగం పొగతో పాటు బయటికి జారిపోతుంది. ఎదురెదురు తలుపులు తీసిన గదిలోకి చుట్టం వచ్చి, కూర్చోకుండానే వెనుక తలుపున వెళ్ళిపోయినట్లన్న మాట!

ఈ వెనుక తలుపును సరియైన క్షణంలో మూసేదెట్లా? అక్కడ తలుపు పెట్టే చోటు లేదు. కాని మోతతోనే ఆ తలుపు మూయవచ్చునని 1950లలో జర్మనీలో తేలింది.

1951లో డీకేడబ్ల్యూ సంస్థ పందెపు బండ్లకు ఎరిక్ వోల్ఫ్ అనే ఇంజనీరు ఒక వింత గొట్టం అమర్చాడు. అది క్రమంగా ఉబ్బి, మరల సన్నబడి, చివర చిన్న తోకతో ముగుస్తుంది. తూర్పు జర్మనీలో తరువాత ఎమ్‌జెడ్ పేరు పొందిన కర్మాగారంలో వాల్టర్ కాడెన్ ఈ ఊహను అందుకొని, గొట్టంలోని పీడన తరంగాలను ఆసిలోస్కోపు సహాయంతో పరిశీలించి, కొలతలను ఒక దారికి తెచ్చాడు.

ఆయన ఉపయోగించుకున్న సూత్రం పాఠశాల భౌతికశాస్త్రంలోనిదే. గొట్టం వెంట పరుగెత్తే పీడన తరంగానికి దారి వెడల్పయిన చోట, దానిలో ఒక భాగం తలక్రిందులై, అనగా తక్కువ ఒత్తిడి గల తరంగంగా, వెనుకకు మరలుతుంది. అది సిలిండరును చేరి మిగిలిన పొగను బయటికి పీల్చుతుంది. దారి ఇరుకైన చోట ఎక్కువ ఒత్తిడి గల తరంగమే తిరిగి వస్తుంది. అది రంధ్రం మూసుకోబోయే ముందు వచ్చి, పారిపోతున్న కొత్త ఇంధనాన్ని తిరిగి లోపలికి నెట్టుతుంది. తలుపు లేని గదికి తరంగమే తలుపయింది!

ఒక చిన్న లెక్క

విద్యార్థులు ఈ లెక్కను తామే చేసి చూడవచ్చు. నిమిషానికి 6,000 భ్రమణాలు చేసే ఇంజనుకు ఒక భ్రమణానికి పట్టే కాలం సెకనులో నూరవ వంతు. పొగ రంధ్రం తెరచి ఉండేది ఇందులో సగం కంటె కొంచెం తక్కువ, సుమారు 0.0045 సెకను అనుకుందాం. చల్లని గాలిలో ధ్వని సెకనుకు 340 మీటర్లు పోతే, వేడి పొగలో సుమారు 500 మీటర్లు పోతుంది. 500ను 0.0045తో హెచ్చిస్తే 2.25 మీటర్లు. ఇది తరంగం పోయి రావలసిన దూరం. కనుక అది పరావర్తనం చెందే చోటు సిలిండరుకు 1.1 మీటర్ల దూరంలో ఉండాలి. ఇప్పుడు టేపు తీసుకొని ఏదైనా మోటారు సైకిలు ఇంజను నుండి సైలెన్సరు తోక వరకు కొలచి చూడండి. ఆ పొడవు ఏదో బండి అందానికి పెట్టినది కాదని తెలుస్తుంది.

ఈ విద్య ఎంత విలువైనదో ఒక్క సంఘటన చాటుతుంది. 1961 నాటికి కాడెన్ తయారు చేసిన 125 సి.సి. ఇంజను 25 అశ్వశక్తుల బలం ఇచ్చింది. ఆ సంవత్సరం సెప్టెంబరులో, స్వీడన్ పందెం సమయంలో, ఎమ్‌జెడ్ రౌతు ఎర్న్‌స్ట్ డెగ్నర్ పశ్చిమ దేశాలకు పారిపోయాడు. ఆయనతో పాటు ఈ రహస్యం జపానులోని సుజుకీ సంస్థకు చేరింది. 1962లోనే 50 సి.సి. తరగతి ప్రపంచ విజేత పదవి సుజుకీ బండిపై డెగ్నరుకు దక్కింది.

మన దారులలోకి

1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడి బుల్లెట్టు మన దేశపు బండి అయింది. 1960లలో మైసూరు నుండి జావా, ఎస్కార్ట్స్ కర్మాగారం నుండి రాజ్‌దూత్ వచ్చినవి. పోలండు దేశపు ఎస్‌హెచ్‌ఎల్ బండిని బట్టి తయారైన రాజ్‌దూత్ 175 సి.సి. తరగతిది అయినా దాని బలం పది అశ్వశక్తులకు లోపే. 1985లో యమహా సహకారంతో వచ్చిన ఆర్‌ఎక్స్ 100 ఇంజను 98 సి.సి.లే, బలం మాత్రం 11 అశ్వశక్తులు. ఈ తేడాకు రీడు కవాటం, రంధ్రాల అమరిక, ఎక్కువ వేగంతో తిరగటం కూడ కారణాలే. కాని తరంగాల లెక్క తెలిసి చేసిన పొగగొట్టానికి కూడ ఇందులో వాటా ఉన్నది. ఇటువంటి గొట్టానికి మధ్యలో చిల్లు పొడిచినా, దానిని కురచగా కోసినా, తరంగం రావలసిన వేళకు రాదు. కొత్త ఇంధనం వృథాగా బయటికి పోతుంది. చప్పుడు పెరిగి, పెట్రోలు ఖర్చు పెరిగి, లాగుడు తగ్గుతుంది.

బుల్లెట్టులో వేరొక చిక్కు వస్తుంది. జాలీ తీసినప్పుడు గాలి రాకపోకలు మారుతవి. కార్బురేటరు జెట్టు మాత్రం పాత కొలతదే. పెట్రోలు పాలు తగ్గిన మిశ్రమంతో ఇంజను మామూలు కంటె వేడెక్కవచ్చు. స్పార్కు ప్లగ్గు కొన లేత గోధుమ రంగుకు బదులు తెల్లగా పాలిపోవటం దీనికి గుర్తు. ఆక్సిలరేటరు వదలినప్పుడు గొట్టంలో పటపటమని పేలుడు వినిపించటం మరొక గుర్తు. వినేవారికి అది బలంలా తోచినా, అది సిలిండరులో మండక గొట్టంలో మండిన ఇంధనమే.

ఇంట చేయదగిన పని

పాత బండి లాగటం లేదంటే, చాలాసార్లు దోషం సైలెన్సరు ఆకారంలో కాక, అందులో పేరుకొన్న మసిలో ఉంటుంది. రెండు స్ట్రోకుల ఇంజనులో పెట్రోలుతో పాటు నూనె కూడ మండుతుంది కనుక జాలీ చిల్లులు, పొగ రంధ్రం జిడ్డుమసితో పూడుకుపోతవి. చల్లారిన బండి నుండి జాలీ తీసి, మసి గీకి, చిల్లులు తెరచి, తిరిగి అదే చోట బిగించాలి. ఇంజను దగ్గర వాషరు చితికితే కొత్తది వేయాలి. మెకానిక్కులు కొందరు కాస్టిక్ సోడాలో నానబెడతారు, కొందరు నిప్పులలో కాల్చుతారు. మొదటిది చర్మాన్ని, కళ్ళను కాల్చగలదు. రెండవదాని పొగ హానికరం. ఈ పనులు పిల్లలు చేయరాదు. మూసిన గదిలో ఇంజనును ఎన్నడూ నడపరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగు, వాసన లేవు.

మోత ఒకరిది కాదు

80 నుండి 175 సి.సి. వరకు గల మోటారు సైకిలు తయారీలో మోతకు 77 డెసిబెల్లు హద్దుగా 2005 నుండి అమలులోకి వచ్చింది. ప్రతి 10 డెసిబెల్లకు ధ్వనిశక్తి పది రెట్లవుతుంది. కనుక 97 డెసిబెల్లు చేసే బండి, హద్దులో ఉన్న బండ్లు నూరింటికి సమానం! 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు ప్రతి బండికి సైలెన్సరు ఉండాలన్నవి. 2019 సవరణ తరువాత ధ్వని, వాయు కాలుష్య ప్రమాణాలను మీరితే పదివేల రూపాయల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు కూడ పడవచ్చు.

అచ్చంపేటవారికి ఇది మరీ దగ్గరి విషయం. ఇక్కడి నుండి మన్ననూరు దాటితే దారి అమ్రాబాదు పులుల అభయారణ్యంలోకి పోతుంది. శ్రీశైలం రోడ్డుపై రాత్రివేళ వాహనాలను ఆపుట వన్యప్రాణుల కొరకే. పులి కదలికను పసికట్టిన కణుజు అరుపు మిగిలిన జంతువులకు ప్రాణరక్షణ. చెట్ల నడుమ చెవియే కన్నుగా బ్రతికే జీవులవి. జాలీ లేని ఒక్క బండి పోతే ఆ అరుపు ఎవరికి వినపడుతుంది?

తరగతిలో ఒక ప్రయోగం చేయవచ్చు. ఒకే లావు గల ప్లాస్టిక్ గొట్టాలు మూడు తీసుకోండి: ఒకటి అర మీటరు, రెండు మీటరు పొడవువి. మూతిని రబ్బరు చెప్పుతో కొడితే పొడుగు గొట్టాల స్వరం మందరంగా, పొట్టిదాని స్వరం హెచ్చుగా పలుకుతుంది. మీటరు గొట్టాలలో ఒకదానికి నడుమ చిల్లు పెట్టి తిరిగి కొట్టండి, స్వరం మారిపోతుంది. వేణువుకు రంధ్రాలు పెట్టేవాడు ఎక్కడ పెట్టాలో ఎరిగి పెడతాడు. సైలెన్సరుకు డ్రిల్లు పట్టేవాడు కూడ అంతపాటి లెక్క ఎరిగి ఉండాలి గదా!