క్రైస్తవ మతమున పటముల వివాదము



మన తెలుగు సీమలో రెండు విధములైన క్రైస్తవ దేవాలయములను మీరు చూచియే యుందురు. కతోలికుల దేవాలయమున మరియమ్మ స్వరూపము, పునీతుల ప్రతిమలు, వాని ముందు వెలుగుచున్న క్రొవ్వొత్తులు కనబడును. బాప్టిస్టుల దేవాలయమున గోడలు సాదాగా నుండును. ఒక సిలువ తప్ప ప్రతిమ లేవియు నుండవు. ఇరువురును కొలుచునది యొక్క క్రీస్తునే. అట్లయిన ఈ భేద మెందులకు? ఈ ప్రశ్న నా మనస్సున చిరకాలము నిలిచియుండెను. సమాధానము వెదకుచు పోగా అది నన్ను పండ్రెండువందల యేండ్లకు పైగా వెనుకకు, కాన్‌స్టాంటినోపిల్ నగరమునకు కొనిపోయినది. ఆ కథనే నేడు మనవి చేయుదును.

మోషేకు దేవు డొసగిన పది యాజ్ఞలలో, ప్రతిమను చేసికొని దానికి సాగిలపడరాదను యాజ్ఞ కలదు. అయినను మూడవ శతాబ్దమునాటికే రోము నగరపు భూగర్భ శ్మశానములలో క్రైస్తవులు క్రీస్తును గొఱ్ఱెల కాపరిగా చిత్రించిరి. క్రమముగా దేవాలయముల గోడలు చిత్రములతో నిండెను. 600 ప్రాంతమున మార్సేల్స్ బిషప్పగు సెరెనస్, జనులు చిత్రములకు మ్రొక్కుట చూచి వానిని పగులగొట్టించెను. అందులకు పోపు మొదటి గ్రెగొరీ, మ్రొక్కును మాన్పించుట మంచిదే గాని పగులగొట్టుట తగదనియు, అక్షరము రానివారికి గోడమీది చిత్రమే పుస్తకమనియు జాబు వ్రాసెను.

తూర్పున ఈ తగవు రాజ్యమునే కదలించెను. అచట జనులు కొయ్యపలకలపై వ్రాసిన క్రీస్తు పటములను, మరియమ్మ పటములను ముద్దుపెట్టుకొనుచు, దీపములు వెలిగించి, ధూపము వేసి గౌరవించుచుండిరి. 726లో థేరా ద్వీపము చెంత సముద్రమున అగ్నిపర్వతము బ్రద్దలయ్యెను. పటములకు మ్రొక్కుటచేతనే దేవుడు కోపించెనని మూడవ లియో చక్రవర్తి తలచెనని చరిత్రలు చెప్పుచున్నవి. 730లో పటములకు విరోధముగా సమ్మతి నీయజాలక నగర పీఠాధిపతి జెర్మానస్ పదవిని విడిచెను.

లియో కుమారుడు ఐదవ కాన్‌స్టంటైను 754లో హియేరియా రాజభవనమున సభ కూర్చెను. 338మంది బిషప్పులు వచ్చిరి. వారి వాదము త్రోసివేయదగినది కాదు. క్రీస్తు దేవుడును మనుష్యుడును. దైవత్వమును గీతలలో బంధింప నెవ్వరి తరము? మానుషమును మాత్రమే గీసినచో రెంటిని విడదీసినట్లగును గదా యనిరి. సిలువను మాత్రము వారును మన్నించిరి. ఆ చక్రవర్తి కాలమున బాగుచేసిన సెయింట్ ఐరీన్ దేవాలయపు గర్భాలయమున ఒంటరి సిలువ యొకటి ఇస్తాంబులులో నేటికిని నిలిచియున్నది.

పటముల పక్షమున వాదించినవారిలో ముఖ్యుడు దమస్కు నగరవాసియగు యోహాను. అతడు ముస్లిము ఖలీఫాల యేలుబడిలో, పాలస్తీనాలో సన్న్యాసిగా నుండెను. కావున క్రైస్తవ చక్రవర్తి చేయి యతని నందుకొనలేదు. ఆరవ శతాబ్దపు పటములు సీనాయి కొండ మఠమున నేటికిని మిగిలియుండుటకును ఇదియే కారణము. కంటికి కనబడని దేవుని గీయరాదు నిజమే. కాని ఆ దేవుడే శరీరము ధరించి జనుల నడుమ నడచెను గదా, కనబడినదానిని గీయుటలో తప్పేమి యని యోహాను వాదించెను. గౌరవము కొయ్యకును రంగునకును గాక, పటములోని వ్యక్తికే చేరునని యతని భావము.

చక్రవర్తిని ఐరీన్ 786లో సభ పిలువగా సైనికులు దానిని చెదరగొట్టిరి. మఱుసటి యేడు నైకియాలో సభ జరిగెను. దైవారాధన దేవునికే చెందును, పటములకు ప్రణామము చేయవచ్చునని తీర్పయ్యెను. గ్రీకు భాషలో ఈ రెంటికి వేర్వేరు మాటలు కలవు. మనకిది క్రొత్త గాదు. రచ్చబండ చెంత పెద్దవారిని చూచి చేతులు జోడింతుము. గుడిలోను చేతులు జోడింతుము. చేతు లవియే, భావము వేఱు.

అయితే ఆ తీర్పును లాటినులోనికి మార్చినవారు ప్రణామమును తెలుపు చోట దైవారాధనకును చెల్లు మాటను వాడిరి. దానిని చదివి ఫ్రాంకుల రాజగు చార్లమేను పండితులు మండిపడిరి. 794లో ఫ్రాంక్‌ఫర్టు సభ ఖండించెను. ఒక మాట యందలి భేదము తర్జుమాలో జాఱిపోగా, ఒకే మతమువారు పరస్పరము దోషు లనుకొనిరి!

815లో ఐదవ లియో పటములను మరల నిషేధించెను. తుదకు 843లో రాణి థియొడోరా పాలనమున అవి దేవాలయములకు తిరిగివచ్చెను. ఆ దినమును తూర్పు క్రైస్తవులు ఉపవాసకాలపు తొలి ఆదివారమున నేటికిని పండుగగా జరుపుకొందురు.

గెలిచినవారు ఓడినవారి పుస్తకములను దాచివేయించిరి. 754 నాటి తీర్మానము మనకు దక్కుటకు, దానిని ఖండించుటకై నైకియా సభలో చదువుటయే కారణము. పటములను పగులగొట్టినవారును, పుస్తకములను మాపినవారును తాము దేవునికొఱకే చేయుచున్నా మనుకొనిరి. ఇదియే నన్ను మిక్కిలి కలవరపెట్టిన విషయము.

పాత తగవు 1524లో జూరిచ్ నగరమునను, 1566లో నెదర్లాండ్సునను మరల రగిలెను. ప్రతిమలు దేవాలయములనుండి తొలగింపబడెను, పగులగొట్టబడెను. ఐరోపాలో నిట్లు విడిపోయిన రెండు త్రోవలును మిషనరీలతో మన యూళ్లకు వచ్చినవి. ప్రతిమ గల గుడి, దేవుడు మన చెంతకు దిగివచ్చెనని చెప్పుచున్నది. ప్రతిమ లేని గుడి, ఆయన మన చేతికి లోబడడని చెప్పుచున్నది. పొరుగువాడు చేతులు జోడించినప్పుడు అతని మనస్సులో నేమున్నదో అడిగి తెలిసికొనుట, తీర్పు చెప్పుటకంటె ముందు చేయదగిన పని యని నా మనవి.