కాశీయాత్ర

కాశీయాత్ర హిందువులు జీవితంలో ఒక్కసారైనా చేయవలసినదిగా భావించే తీర్థయాత్ర. కాశీ లేదా వారాణసి ఉత్తర ప్రదేశ్ రాష్ట్రంలో గంగానది పశ్చిమ తీరాన ఉన్న పురాతన నగరం. వరుణ, అసి అనే రెండు చిన్న నదులు గంగలో కలిసే చోటుల నడుమ ఉన్నందున వారాణసి అనే పేరు వచ్చిందని చెబుతారు. కాశి అనగా ప్రకాశించేది అని అర్థం. ఇక్కడ గంగ ఉత్తర దిశగా ప్రవహిస్తుంది. ఉత్తరవాహిని అయిన గంగలో స్నానం విశేష ఫలదాయకమని విశ్వాసం.

విశ్వాసాలు

కాశీలో మరణించినవారికి శివుడే కుడిచెవిలో తారకమంత్రం ఉపదేశించి ముక్తి ప్రసాదిస్తాడని హిందువుల నమ్మకం. అందుచేత వృద్ధులు అవసానకాలంలో ఇక్కడికి వచ్చి నివసించే ఆచారం ఏర్పడింది. మణికర్ణిక, హరిశ్చంద్ర ఘట్టాలలో పగలూ రాత్రీ దహన సంస్కారాలు జరుగుతూనే ఉంటాయి. ఇతర పట్టణాలలో శ్మశానం ఊరి వెలుపల ఉండగా, కాశీలో అది ఊరి నడుమ, స్నానఘట్టాల పక్కనే ఉంది. మృత్యువును అశుభంగా గాక జీవితంలో భాగంగా చూడటం ఈ క్షేత్రం ప్రత్యేకత.

దర్శనీయ స్థలాలు

ద్వాదశ జ్యోతిర్లింగాలలో ఒకటైన విశ్వేశ్వర లింగం ఇక్కడి ప్రధాన దైవం. పూర్వపు ఆలయం 1669లో ఔరంగజేబు ఆజ్ఞతో కూల్చివేయబడింది. ప్రస్తుత ఆలయాన్ని 18వ శతాబ్దంలో ఇందౌర్ రాణి అహల్యాబాయి హోల్కర్ కట్టించింది. శిఖరాల తాపడానికి మహారాజా రంజిత్ సింగ్ బంగారం సమర్పించాడు. ఆలయం నుండి గంగ వరకు నిర్మించిన విశాల ప్రాంగణం 2021 డిసెంబరు 13న ప్రారంభమైంది.

యాత్రికులు సాధారణంగా గంగాస్నానం చేసి, డుంఢి గణపతి, విశ్వేశ్వరుడు, అన్నపూర్ణ, విశాలాక్షి ఆలయాలను దర్శిస్తారు. క్షేత్రపాలకుడైన కాలభైరవుని దర్శనం లేనిదే యాత్ర పూర్తికాదని అంటారు. అసి, దశాశ్వమేధ, మణికర్ణిక, పంచగంగ, ఆదికేశవ ఘట్టాలలో స్నానం చేయడాన్ని పంచతీర్థ యాత్ర అంటారు. దశాశ్వమేధ ఘట్టంలో సాయంకాలం జరిగే గంగాహారతి చూడదగినది. వర్షాకాలంలో వరద వచ్చినపుడు మెట్లు మునిగిపోతాయి, పడవలు నిలిపివేస్తారు.

తెలుగువారు - కాశీ

పూర్వం కాశీయాత్ర నెలల తరబడి సాగే కాలినడక ప్రయాణం. దారిలో రోగాలు, దొంగల భయం ఉండేవి. "కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒక్కటే" అనే సామెత అందుకే పుట్టింది. క్షేమంగా తిరిగివచ్చినవారు కాశీ సమారాధన చేసి, బంధుమిత్రులకు భోజనం పెట్టి గంగాజలం పంచేవారు. మద్రాసు నుండి 1830 మేలో బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగివచ్చిన ఏనుగుల వీరాస్వామయ్య తన ప్రయాణాన్ని వ్రాసిన "కాశీయాత్ర చరిత్ర" తెలుగులో తొలి యాత్రా గ్రంథాలలో ఒకటి. అంతకు చాలా ముందే, 15వ శతాబ్దంలో, శ్రీనాథుడు స్కాందపురాణ భాగాన్ని "కాశీఖండం"గా తెనిగించాడు. పెళ్ళిలో వరుడు కాశీకి బయలుదేరినట్లు నటించగా బావమరిది బ్రతిమాలి వెనుకకు తెచ్చే వేడుక నేటికీ ఉంది.

తెలుగు ప్రాంతానికి చెందిన త్రైలింగస్వామి చిరకాలం కాశీలో నివసించి 1887లో అక్కడే సిద్ధిపొందాడు. కేదారఘట్టం పరిసరాలలో దక్షిణాదివారి నివాసాలు ఎక్కువ. అక్కడికి సమీపంలోని మానససరోవర్ ఘట్టంలో శ్రీరామ తారక ఆంధ్రాశ్రమం తెలుగు యాత్రికులకు బస కల్పిస్తోంది. 2023లో జరిగిన గంగా పుష్కరాలకు తెలుగు రాష్ట్రాల నుండి యాత్రికులు పెద్ద సంఖ్యలో వచ్చారు.

అనుబంధ ఆచారాలు

కాశీతోపాటు ప్రయాగలో త్రివేణీ స్నానం, గయలో పితృదేవతలకు పిండప్రదానం చేస్తారు. ఈ యాత్రలో ఇష్టమైన ఒక కాయను, ఒక పండును జీవితాంతం విడిచిపెట్టే ఆచారం తెలుగువారిలో ఉంది. కాయో పండో మానడం కాదు, మమకారాన్ని తగ్గించుకోవడమే దీని ఉద్దేశమని పెద్దలు చెబుతారు. గంగాజలం తీసుకువెళ్ళి రామేశ్వర లింగానికి అభిషేకించడం, సేతువు ఇసుకను గంగలో కలపడం మరో సంప్రదాయం. ఉత్తర దక్షిణాలను కలిపే ఈ జంటయాత్రనే కాశీ-రామేశ్వర యాత్ర అంటారు.

నది పరిస్థితి

మురుగునీటి వలన గంగ కలుషితమవుతోంది. గంగా కార్యాచరణ ప్రణాళిక 1986లో వారాణసిలోనే ప్రారంభమైంది. 2014లో నమామి గంగే పథకం మొదలైంది. పూలు, ప్లాస్టిక్ సంచులు, పాత బట్టలు నదిలో వేయకుండా ఉండటం యాత్రికులు చేయగల మేలు.