వీలునామా లేకుంటే వాటాలు ఎలా?

మేడ్చల్, శామీర్‌పేట: బాహ్య వలయ రహదారి వచ్చిన తరువాత ఈ రెండు మండలాలలో గుంట భూమి సైతం విలువైనదిగా మారింది. ఇంటి పెద్ద వీలునామా రాయకుండా మరణిస్తే ఆస్తి కొడుకులదేనన్న అభిప్రాయం మాత్రం పల్లెల్లో పూర్తిగా తొలగిపోలేదు. చట్టం అలా చెప్పదు.

హిందువులకు 1956 నాటి హిందూ వారసత్వ చట్టం వర్తిస్తుంది. పురుషుని స్వార్జితం భార్య, తల్లి, కుమారులు, కుమార్తెలకు సమానంగా చెందుతుంది. వీరెవరూ లేనప్పుడే తండ్రి ప్రసక్తి వస్తుంది. భార్య, తల్లి, కుమారుడు, ఇద్దరు కుమార్తెలు ఉన్న ఇంట ఎకరా భూమి ఉంటే ఒక్కొక్కరికి 8 గుంటలు వస్తాయి.

పూర్వీకుల ఉమ్మడి ఆస్తి లెక్క వేరు. అదే కుటుంబంలో తండ్రికి, ముగ్గురు పిల్లలకు తలా 10 గుంటలు ముందే లెక్కిస్తారు. తండ్రి వాటా 10 గుంటలను మాత్రమే ఐదుగురికి పంచుతారు. పిల్లలకు 12 గుంటల చొప్పున రాగా భార్యకు, తల్లికి రెండేసి గుంటలే మిగులుతాయి. ఈ తేడా పలువురి దృష్టికి రాదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి.రామారావు ప్రభుత్వ హయాంలో వచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి కుమార్తెలకు ఈ హక్కు కల్పించినా, అప్పటికే వివాహమైన వారిని మినహాయించింది. 2005 సెప్టెంబరు 9 నాటి కేంద్ర సవరణ ఆ మినహాయింపును తొలగించింది. ఆ తేదీకి తండ్రి జీవించి ఉండనక్కరలేదని సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో 2020 ఆగస్టు 11న స్పష్టం చేసింది. అయితే 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన లేదా కోర్టు డిక్రీతో ముగిసిన పంపకాలను తిరగదోడరాదు.

సంతానం లేని హిందూ స్త్రీకి తల్లిదండ్రుల నుంచి సంక్రమించిన ఆస్తి ఆమె తండ్రి వారసులకు చేరుతుంది. ఆమె స్వార్జితం మాత్రం భర్తకు, అతడు లేకుంటే అతని వారసులకు పోతుంది. కన్నతల్లి వంతు ఆ తరువాతే. ఉద్యోగినులు వీలునామా రాయడం మేలనడానికి ఇదే కారణం.

ముస్లింలలో సంతానం ఉన్నప్పుడు భార్యకు ఎనిమిదో వంతు, కుమారునికి కుమార్తె వాటాకు రెట్టింపు లభిస్తాయి. క్రైస్తవులకు 1925 నాటి చట్టం ప్రకారం భార్యకు మూడో వంతు పోగా మిగిలినది పిల్లలకు సమానం.

సాగు భూమి విరాసత్‌కు తహసీల్దారును ఆశ్రయించాలి. ధరణి కాలంలో వారసుల ఉమ్మడి ఒప్పంద పత్రమే ఆధారం కాగా, 2025 నాటి భూభారతి చట్టం వారసులకు నోటీసులిచ్చి విచారణ జరపాలంటున్నది. పాసు పుస్తకంలో ఒకరి పేరు ఎక్కినంత మాత్రాన మిగిలినవారి వాటా పోదు. ఆడపడుచులు హక్కు వదులుకోవాలన్నా రిజిస్టరు దస్తావేజు అవసరం. తెల్లకాగితంపై సంతకం చాలదు.