కర్ణనాదమూ గంజాయీ

బయట ఏ శబ్దమూ లేకుండానే చెవిలో హోరుమని మ్రోత పుట్టే బాధను మన పూర్వులు కర్ణనాదం అన్నారు. పక్కన కూర్చున్నవారికి ఏమీ వినపడదు. ఆ మనిషికి మాత్రం రాత్రింబగళ్ళు కీచురాయి కూస్తున్నట్లో, దూరాన శంఖం పూరిస్తున్నట్లో ఉంటుంది. సుశ్రుతసంహితలో కర్ణరోగాలు 28 అని లెక్క ఉన్నది. అందులో చెవిపోటు ఒకటి, కర్ణనాదం వేరొకటి, చెవుడు మరియొకటి. ఈ విభజన శాస్త్రకారుల చాదస్తంగా కొందరికి తోచవచ్చును గాని, మనం ఇప్పుడు చెప్పుకోబోయే కథకు కీలకం ఇక్కడే ఉన్నది. చెవికి మందుగా గంజాయి మొక్క పేరు రెండువేల ఏండ్లనుంచి వినవస్తున్నది. ఏ చెవి జబ్బుకు మందు, మొక్కలో ఏ భాగం మందు అని విడదీసి అడిగినవారు మాత్రం అరుదు.

క్రీస్తు శకం మొదటి శతాబ్దిలో డయాస్కొరిడీస్ అనే గ్రీకు వైద్యుడు ఓషధులను గురించి ఒక గొప్ప గ్రంథం వ్రాసినాడు. పచ్చి గంజాయి గింజలను పిండి, ఆ రసాన్ని చెవిలో వేస్తే చెవిపోటు తగ్గుతుందని అందులో ఉన్నది. అదే శతాబ్దిలో రోమనుడైన ప్లీనీ మరొక ఉపయోగం చెప్పినాడు. చెవిలో దూరిన పురుగులను ఆ రసం వెళ్ళగొడుతుంది, కాని తలనొప్పి తెప్పిస్తుంది అన్నాడు. గుణం చెప్పి దోషం దాచని ఈ పద్ధతి మెచ్చుకోదగినది. క్రీ. శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం ప్రేలినప్పుడు మరణించిన ప్లీనీ ఈయనే. తరువాతి శతాబ్దిలో గాలెన్ కూడా చెవి పూడుకొనిపోయి కలిగే నొప్పికి ఈ రసాన్ని వాడతారని వ్రాసినాడు. డయాస్కొరిడీస్ గ్రంథం తొమ్మిదవ శతాబ్దిలో బాగ్దాదు నగరంలో అరబ్బీ భాషలోకి వెళ్ళినది. ఆ దారినే చెవికి గంజాయి గింజల నూనె అనే చికిత్స యునానీ వైద్యానికి అందినది.

ఇంతమంది పెద్దలు చెప్పినదానిని గమనించి చూడండి. నొప్పి, పూడిక, పురుగు - వీటికే ఆ మందు. వాడినది గింజ. మత్తు కలిగించే పదార్థం గంజాయి పూతలో, దాని జిగటలో ఉంటుంది గాని గింజలో దాదాపు ఉండదు. అంటే మన ఇండ్లలో ముసలమ్మలు గోరువెచ్చని నువ్వులనూనె రెండు చుక్కలు వేసి చేసిన పనినే ఆ రసమూ చేసి ఉండాలి. నూనెకు గులిమి మెత్తబడుతుంది, పురుగు ఊపిరాడక చస్తుంది. (కర్ణభేరికి చిల్లి ఉన్నవారు ఏ నూనే వేసుకోరాదని నేటి వైద్యులు గట్టిగా చెబుతున్నారు.) ఈ చికిత్సకు గంజాయే కావలెనని ఏమీ లేదు. సుశ్రుతుడు చెవుడుకు మారేడుకాయతో కాచిన తైలాన్ని చెప్పినాడు.

మత్తు సంగతి వేరే దారిన వచ్చినది. 1839లో కలకత్తా వైద్య కళాశాల ఆచార్యుడు ఓషానెస్సీ గంజాయిని రోగులకు ఇచ్చి చూచి, ఫలితాలను ప్రకటించినాడు. ఐర్లండు దేశీయుడైన ఈయన మీద రేడియో వారమైన మాకు మరొక అభిమానం ఉన్నది. అదే సంవత్సరం కలకత్తా సమీపాన ప్రయోగాత్మకంగా తంతితీగ వేసినవాడూ, తరువాత డల్హౌసీ కాలంలో దేశమంతటా తంతిమార్గాలు నిర్మింపజేసినవాడూ ఈయనే. గంజాయిని ఆయన కీళ్ళనొప్పులకు, ధనుర్వాతానికి, కలరాకు, పిచ్చికుక్క కాటుకు, పసిబిడ్డల మూర్ఛకు ఇచ్చినాడు. ఐరోపా మందుల దుకాణాలకు గంజాయి వెళ్ళడానికి ఆయన ప్రయోగాలే ముఖ్యకారణం.

ఇంచుమించు ఆ రోజులలోనే పారిస్ నగరంలో మోరో అనే మానసిక వైద్యుడు గంజాయి జిగటతో చేసిన లేహ్యాన్ని తానూ తిని, మిత్రులచేత తినిపించి, 1845లో ఒక గ్రంథం వెలువరించినాడు. మత్తులో వినికిడి ఎంతో సూక్ష్మమవుతుందనీ, సంగీతం మనిషిని విపరీతంగా కదిలిస్తుందనీ అందులో వర్ణించినాడు. ఆ లేహ్యం రుచి చూచిన రచయిత గోతియే, రంగులు తనకు ధ్వనులై వినిపించినవని వ్రాసినాడు. గంజాయి చెవికి పదును పెడుతుందనే నమ్మకం ఇటువంటి రచనలతో బలపడినది.

నిజంగా పదును పెడుతుందా? 1944లో అమెరికాలో ఈ ప్రశ్నకు చక్కని పరీక్ష జరిగినది. పూర్వం గంజాయి అలవాటు ఉన్న కొందరికి అటువంటి మత్తే ఇచ్చే కృత్రిమ పదార్థాన్ని తినిపించి, స్థాయిభేదం, కాలభేదం, లయ గుర్తించే పరీక్షలు పెట్టినారు. మత్తులేనప్పటికంటె వారికి మార్కులు తగ్గినవి. అయినా తాము మునుపటికంటె బాగా గుర్తించినామనే వారిలో ఎక్కువమంది భావించినారు! మారినది చెవి కాదు, చెవిని గురించిన అభిప్రాయం.

కర్ణనాదం మీద గంజాయి ప్రభావమేమిటో ప్రయోగశాలలో తేల్చడానికి మరికొన్ని దశాబ్దాలు పట్టినది. 1964లో ఇజ్రాయేలులో మెకూలం, గావోని అనే శాస్త్రజ్ఞులు గంజాయిలోని మత్తుపదార్థాన్ని వేరుచేసి దాని నిర్మాణాన్ని తెలుసుకున్నారు. 1988లో ఆ పదార్థం మెదడులో పట్టుకొనే స్థానాలు బయటపడినవి. 1992లో మన మెదడే అటువంటి వస్తువును తయారు చేసుకొంటున్నదని కనుగొన్నారు. దానికి సంస్కృతంలోని ఆనంద శబ్దంతో 'ఆనందమైడ్' అని పేరు పెట్టినారు. చెవినుంచి వచ్చే నాడి మెదడులో మొదట చేరే మజిలీలో కూడా ఆ స్థానాలు ఉన్నవి. దీనితో ఒక ఆశ పుట్టినది. కర్ణనాదం చాలామందిలో చెవిలో మొదలైనా, మెదడులోని నాడీకణాల అనవసరపు అలజడివల్ల నిలిచిపోతుంది. గంజాయి ఆ అలజడిని అణచవచ్చును గదా!

న్యూజీలాండులోని ఒటాగో విశ్వవిద్యాలయం వారు ఎలుకలమీద ఈ ఆశను పరీక్షించినారు. చెవి హోరుమంటున్నదా అని ఎలుకను అడగడమెట్లా? నిశ్శబ్దంలో ఒక తీరుగా, శబ్దంలో మరొక తీరుగా ప్రవర్తించేటట్లు ముందుగా దానికి అలవాటు చేస్తారు. తరువాత హోరు పుట్టిస్తారు. హోరు పట్టిన ఎలుకకు నిశ్శబ్దమే ఉండదు. అంతా నిశ్శబ్దంగా ఉన్నప్పుడు కూడా అది శబ్దం వింటున్నట్లే మెలగుతుంది. 2010లో ఆస్పిరిన్ జాతి ఔషధంతో హోరు పుట్టించి గంజాయివంటి కృత్రిమ పదార్థాలను ఇస్తే హోరు తగ్గలేదు, పైగా పెరిగిన గుర్తులు కనిపించినవి. 2015లో పెద్ద మ్రోతకు గురిచేసిన ఎలుకలకు గంజాయిలోని రెండు ముఖ్యపదార్థాలను కలిపి ఇచ్చినారు. హోరు పట్టిన ఎలుకల సంఖ్య పెరిగినది. అలజడిని అదుపులో ఉంచే నాడీకణాలనే ఈ మందు నిద్రపుచ్చి ఉండవచ్చునని ఒక ఊహ.

మనుష్యుల సంగతి ఇంత స్పష్టంగా లేదు. అమెరికా జాతీయ ఆరోగ్య సర్వేను పరిశీలించి 2020లో ప్రచురించిన వ్యాసం ప్రకారం, క్రమంగా గంజాయి వాడేవారిలో చెవి హోరు ఉన్నదని చెప్పినవారు ఎక్కువ. గంజాయివల్ల హోరు వచ్చినదో, హోరు భరించలేక గంజాయి పట్టినారో ఆ లెక్కలనుంచి తేలదు.

మన దేశంలో 1985 నాటి చట్టం గంజాయి పూతను, చరసును నిషేధించినది. పూత కలవని ఆకు, గింజ ఆ నిర్వచనంలోకి రావు. విదేశాలలో ఈ మొక్కనుంచి తీసిన తైలాలను సీసాలలో అమ్ముతున్నారు, చెవి హోరు తగ్గుతుందని చెప్పి అమ్మేవారూ ఉన్నారు. అటువంటి సీసా ఎవరైనా చేతికిస్తే అది మొక్కలో ఏ భాగంనుంచి తీసినదో చూడవలె. గింజల నూనె అయితే డయాస్కొరిడీస్ చెవిపోటుకు చెప్పిన వస్తువుకు దగ్గరిది. పూతనుంచి తీసినదైతే ఒటాగోలో ఎలుకలకు పెట్టిన వస్తువుకు దగ్గరిది.