పూటకూటి యింటి నుండి హోటలు వఱకు: నంద్యాల, ఆళ్ళగడ్డ సీమలో శాకాహారపంక్తి చరిత్రము

వార్షిక మహాసభా సంచికకు చరిత్ర విషయమై యొక వ్యాసము వ్రాయుడని కార్యవర్గమువారు మమ్ము కోరిరి. రాజవంశములను గూర్చియు, శాసనములను గూర్చియు వ్రాయువారు పెక్కురు గలరు. మేము అన్నమును గూర్చి వ్రాయ నెంచితిమి. అన్నమును నిందింపరాదనియు, దానిని సమృద్ధిగా గావింపవలెననియు, వసతి గోరి వచ్చినవానిని నిరాకరింపరాదనియు తైత్తిరీయోపనిషత్తునందు భృగువల్లి విధించుచున్నది. ధాన్యము, పప్పు, నూనె, బెల్లము విక్రయించి జీవించిన మనకు ఈ విధి యొరులకన్న నెక్కువగా వర్తించును. దారి నడచువానికి వెలకు గాని, వెల లేక గాని, శాకాహారము లభించిన తావుల చరిత్రము ఇందు సంగ్రహముగా జెప్పబడును.

పూటకూడు

భోజనమును వెలకు బెట్టుట ఆంగ్లేయులతో వచ్చిన యాచారమని కొందఱు తలంతురు. అది సరికాదు. 'కూడు' శబ్దమునకు బహువచనము 'కూళ్ళు'. ఒక పూటకు వెల యిచ్చి తినునది పూటకూడు. అది లభించునది పూటకూటి యిల్లు. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమై, శ్రీనాథకృతమని కొందఱిచే దలపబడు క్రీడాభిరామమునందు ఓరుగంటిలోని యట్టి యింటి వర్ణన మున్నది. లక్ష్మణవజ్ఝల యింట ఒక్క రూకకు మేలిరకపు బియ్యపు టన్నము, గోధుమపిండివంట, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు దొరకునట. దీనివలన మనకు మూడు సంగతులు తేటపడుచున్నవి. వెల ముందుగనే నిర్ణయమై యుండెను. వడ్డించు పదార్థములు నలుగురకు దెలిసి యుండెను. ఇల్లు యజమానుని పేరనే ప్రసిద్ధి కెక్కెను. నేటి హోటలు లక్షణములును ఇవియే కదా!

అయినను ఈ వృత్తికి లోకమున గౌరవము తక్కువ. ఆపత్కాలమున వైశ్యవృత్తి నవలంబించు ద్విజులు సైతము వండిన యన్నము నమ్మరాదని మనుస్మృతి నిషేధించినది. నిషేధ మొకవైపు, బాటసారి యాకలి యింకొకవైపు నిలువగా, ఆ నడిమి భారము దిక్కులేని స్త్రీలపై బడెను. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1897లో అచ్చయి, 1909లో పెంపొందింపబడి వెలువడినది. అందలి పూటకూళ్ళమ్మ వితంతువు. నాటకమునందామెను నలుగురును పరిహసింతురు. ఆమె వంటను మాత్రము తిందురు. వండినచేతిని హీనముగా జూచి, వండిన యన్నమును ప్రీతితో భుజించుట మన సంఘమున చిరకాలముగా నున్న దోషము.

మన దారులు, సత్రములు

నంద్యాల చుట్టును నవనందులు గలవు. సమీపముననే మహానంది యున్నది. ఆళ్ళగడ్డ మీదుగా అహోబిలమునకు దారి. నల్లమల దాటినచో శ్రీశైలము. కావున ఈ సీమకు యాత్రికుల రాకపోక లెన్నడును కొఱవడలేదు. చెన్నపట్టణపు సుప్రీముకోర్టున ద్విభాషిగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830వ సంవత్సరము మే నెలలో కాశీయాత్రకు బయలుదేరి, అహోబిలమును దర్శించి, శ్రీశైలమునకు బోయిరి. 1838లో అచ్చయిన వారి కాశీయాత్ర చరిత్రమునందు, ఏ యూర దిగుటకు వసతి గలదు, ఎచ్చట సరకులు దొరకును అను విషయములు మజిలీ మజిలీకిని వ్రాయబడినవి. ఆ కాలమున యాత్రికుడు వంటవారిని వెంటబెట్టుకొని నడచి, ఊర నున్న అంగడిలో బియ్యము, పప్పు, ఉప్పు గొని, చెట్టు క్రిందనో మంటపముననో వండించుకొనెడివాడు. ఆ యంగడి చాలచోట్ల మన పూర్వులదే. వెంట వంటవాడు లేని పేదయాత్రికునకే సత్రము.

ఇచ్చట ఆ పదమును గూర్చి యొకమాట. సత్రము సంస్కృతమున 'సత్త్రము'. శ్రౌతగ్రంథములందు అది పెక్కు దినములు సాగు సోమయాగము. తక్కిన యాగములందు యజమాను డొకడు, ఋత్విజులు వేఱు. యజమానుడు దక్షిణ యిచ్చును, ఋత్విజులు గ్రహింతురు. సత్త్రమునందో, కూర్చున్న వారందఱును యజమానులే, అందఱును ఋత్విజులే. దక్షిణ లేదు, ఫలము అందఱకును సమానము. ఇచ్చువాడును పుచ్చుకొనువాడును అను భేదము లేని కర్మమునకు బెట్టిన పేరును మన పెద్దలు అన్నశాలకు బెట్టిరి. ఆ పేరునకు దగినట్లు మన సత్రములు నడచినవా యని పరిశీలించుట చరిత్రకారుని విధి.

శ్రీశైల, మహానంది, అహోబిలాది క్షేత్రములందు వాసవీమాత పేర సత్రములు నెలకొని, వేలకొలది జనులకు అన్నము పెట్టినవి. ఇది మన సంఘమునకు కీర్తికరము. అయితే పూర్వము సత్రపు గడపకడ మొదట నడుగబడిన ప్రశ్న 'ఏ కులము?' అనునదే. ఇట్టి పద్ధతి మన సత్రములందే కాదు, అన్ని కులముల సత్రములందును నుండెను.

కఱవునాటి పంక్తి

ఆ ప్రశ్న యడుగని పంక్తులును మన సీమలో లేకపోలేదు. ఆళ్ళగడ్డకు జేరువనున్న ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డిగారు 1866వ సంవత్సరపు కఱవునందు గాదెలు తెఱచి, వచ్చినవారికెల్ల గంజియు నన్నమును బెట్టించిరి. విక్టోరియా రాణి వారికి బంగారు పతక మంపెను. నేటికిని మన పల్లెలలో వారిపై పాటలు పాడుదురు. పిమ్మట 1876 మొదలు 1878 వఱకు వచ్చిన ధాత యీశ్వర కఱవున కర్నూలు మండల మెంత నాశనమయ్యెనో జనాభా లెక్కలే చెప్పుచున్నవి. 1871వ సంవత్సరపు లెక్కకన్న 1881వ సంవత్సరపు లెక్కలో ఈ మండలపు జనసంఖ్య దాదాపు నాలుగవవంతు తగ్గెను.

కోస్తాసీమలో ఇట్టి కీర్తి గడించిన మహాసాధ్వి డొక్కా సీతమ్మగారు. 1841లో జన్మించి, 1909లో పరమపదించిన ఆమె కోనసీమయందలి లంకల గన్నవరమున, గోదావరి దాటి వచ్చిన బాటసారులకు వేళ యనక, కులమనక అన్నము పెట్టెను. 2024లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్నభోజన పథకమునకు ఆమె పేరు పెట్టినది. వెంగళరెడ్డిగారు సంపన్నులు, సీతమ్మగారు సామాన్య గృహిణి. ఇరువురును ఆకలి నొక్కదానినే అర్హతగా నెంచిరి.

రైలు, కాఫీ హోటలు

19వ శతాబ్ది చివర గుంతకల్లు నుండి నంద్యాల మీదుగా, నల్లమల నడుమ, కృష్ణాతీరము వఱకు మీటరుగేజి రైలుమార్గము పడెను. మూడు నాలుగు దినముల బండి ప్రయాణము ఒక రాత్రి ప్రయాణమయ్యెను. ప్రత్తియు, వేరుసెనగయు గొనవచ్చు కోస్తా వర్తకులకు నంద్యాలలో పూటభోజనము కావలసి వచ్చెను. ఆళ్ళగడ్డకు రైలు రాలేదు. కర్నూలు కడప రాజబాటయే దానికి ప్రాణము. కావున నంద్యాలలో హోటలు రైలు వేళలను బట్టియు, ఆళ్ళగడ్డలో బస్సుల వేళలను బట్టియు నడచెను. ఆళ్ళగడ్డలో దిగువారు అహోబిల యాత్రికులు, శిల్పుల కడ విగ్రహములు చెక్కింప వచ్చువారు. వారికి పీటవేసి వడ్డించు తీరిక భోజనముకన్న, బస్సు కదలులోపల ముగియు ఫలాహారమే ముఖ్యము.

ఇడ్డెనలు, దోసెలు, ఉప్పుమా, కాఫీ కలిపి యమ్ము పద్ధతికి పేరు దెచ్చినవారు దక్షిణ కన్నడ మండలపు ఉడుపి బ్రాహ్మణులు. శ్రీకృష్ణ మఠపు వంటశాలలో నేర్చిన శుచిత్వమే వారి మూలధనము. బెంగుళూరున మావళ్ళి టిఫిన్ రూము 1924లోను, చెన్నపట్టణమున ఉడ్‌లాండ్స్ 1938లోను వెలసినవి. రాఘవేంద్రస్వామి బృందావనమున్న మంత్రాలయము మన ప్రాంతముననే యుండుటచే, మాధ్వుల వంట మన సీమకు క్రొత్తది కాదు. కావుననే ఉడుపివారి సాంబారు ఇచ్చట వేగముగ నాదరణ పొందెను.

కోస్తాసీమ హోటళ్ళది వేఱొక బాణీ. కాకినాడ సుబ్బయ్యగారి హోటలు అరటియాకులోని నిండు భోజనమునకును, విజయవాడ బాబాయి హోటలు వెన్నపూసతోడి యిడ్డెనలకును పేరు వడసినవి. ముద్దపప్పు, ఆవకాయ, ముక్కల పులుసు, కందిపొడి, గడ్డపెరుగు, వేడి పెసరట్టు: ఇవి యా సీమ సొమ్ము. మన సీమకు జొన్నరొట్టె, కొఱ్ఱన్నము, రాగిసంకటి, ఉగ్గాని బజ్జీ, చిత్రాన్నము, భక్ష్యములు సహజములు. మన ప్రాంతమున అరటియాకు తక్కువ. మోదుగాకు విస్తళ్ళు కుట్టి వడ్డించెడివారు.

1928 నవంబరులో నంద్యాలలో జరిగిన సభయందే చిలుకూరి నారాయణరావుగారి సూచనమున దత్తమండలములకు 'రాయలసీమ' యను పేరు వచ్చెను. 1953 అక్టోబరు 1వ తేదీన కర్నూలు ఆంధ్రరాష్ట్ర రాజధాని కాగా, కోస్తాజిల్లాల యుద్యోగులు సకుటుంబముగ వచ్చిరి. వారితో వారి రుచులును వచ్చెను. కర్నూలు కడప కాలువ నీటితో మన పొలములలో వరి పెరిగెను. బాపట్ల పరిశోధన క్షేత్రమున రూపొంది 1986లో విడుదలయిన 5204 సంఖ్య గల సాంబమసూరి మన పొలములకు వచ్చి, 'కర్నూలు సోనా' యను పేర దూరదేశములకు బోవుచున్నది. కోస్తా విత్తు మన మట్టిలో పండి, మరల కోస్తా హోటలు విస్తరిని జేరుచున్నది. రెండు సీమల నడుమ నెన్ని తగవు లున్నను, విస్తరికడ అవి యెప్పుడో కలిసినవి.

పంక్తిభేదము

హోటలు వచ్చినంతనే పంక్తిభేదము తొలగెనని యెవ్వరును తలపరాదు. 'బ్రాహ్మణులకు మాత్రమే' యను పలకలు దక్షిణదేశమున నెన్నో హోటళ్ళలో వ్రేలాడెను. ధనముండియు, శాకాహారులై యుండియు, మనవారు వెలుపలి గదిలో కూర్చుండిరి. ఆ యవమానమునకు మనవారు నొచ్చుకొనిరి, న్యాయమే. అయితే మన గడపకడ హరిజనుడు నిలిచినప్పుడు ఆ నొప్పి మనకు జ్ఞప్తికి రాలేదు. అతనికి వెలుపలి గదియు లేదు. వెలుపల వేఱుగ నుంచిన గ్లాసు మాత్రమే.

1941లో దక్షిణదేశపు రైల్వే భోజనశాలలలో ఆందోళన ఫలితముగ బ్రాహ్మణ బ్రాహ్మణేతర విభాగములు తొలగింపబడెను. 1950 జనవరి 26వ తేదీన అమలులోనికి వచ్చిన భారతరాజ్యాంగము 15వ అధికరణమున, కులకారణముచే నెవ్వరినిగాని భోజనశాలలలోనికి రానీయకుండుట చెల్లదని శాసించెను. 17వ అధికరణమున అస్పృశ్యతను రద్దు గావించెను. 1955లో అస్పృశ్యతా నేరముల చట్టము శిక్షలను విధించెను; 1976లో దానికి పౌరహక్కుల పరిరక్షణ చట్టమను పేరు వచ్చెను. చట్టము వెంటనే గ్లాసులను గలుపలేదు. పెక్కు పల్లెలలో రెండు గ్లాసుల పద్ధతి పిమ్మట దశాబ్దముల కొలది నిలిచెను. అయినను పట్టణపు హోటలులో డబ్బిచ్చి చీటి పుచ్చుకొన్నవా డెవ్వడయినను బల్లకడ గూర్చుండుట క్రమముగ సామాన్యమయ్యెను. ఏ పండితసభయు సాధింపలేని సహపంక్తిని ఇడ్డెనయు కాఫీయు కొంతవఱకు సాధించినవి.

సత్రమున ధన మడుగరు, కుల మడుగుదురు. హోటలున కుల మడుగరు, ధన మడుగుదురు. ఈ రెండు ప్రశ్నలును లేని పంక్తి వెంగళరెడ్డిగారిది, సీతమ్మగారిది. సత్త్రమను పేరునకు దగిన పంక్తియు నదియే.

మన కర్తవ్యము

నేడు క్షేత్రములందు హోటళ్ళు పెరిగినవి. వెల నిచ్చుకొనగల మనవారు సత్రపు భోజనమును విడిచి వానికే పోవుచున్నారు. 2018లో ప్రభుత్వము అన్నా క్యాంటీనులను స్థాపించి అయిదు రూపాయలకు పూటభోజనము పెట్టెను. 2019లో నిలిచిపోయిన యవి 2024 ఆగస్టున మరల దెఱవబడెను. వాని ముందు నిలుచు వరుసను జూచినవారికి ఆకలి యింకను దీఱలేదని వేఱుగ జెప్ప నక్కఱలేదు. కావున పోషకుల సన్నిధిని మేము మూడు విన్నపములు సేయుచున్నారము.

మొదటిది: మన సత్రములందు దినమునకొక పూటయైనను, కులము నడుగక, వచ్చినవారి కందఱకును ఒక్క పంక్తిని వడ్డింపవలెను. దాతలు పూర్వమొక నియమముతో ధనమిచ్చిరి గదా యని కొంద ఱాక్షేపింపవచ్చును. ఆ నిధిని ముట్టనక్కఱలేదు. క్రొత్తనిధిని క్రొత్తనియమముతో నారంభింపవచ్చును.

రెండవది: మన పెద్దల యిండ్ల యటుకలపై బడియున్న పాత చిట్టాలను, హోటళ్ళకు సరకులిచ్చిన ఖాతాలను పారవేయక సంఘమున కీయవలెను. ఏ యేట కందిపప్పు ధర యెంత, ఏ పండుగకు బెల్ల మెంత పోయెను అను లెక్కలే మన సీమ యన్నచరిత్రకు శాసనములు.

మూడవది: వంటవారికిని, వడ్డించువారికిని, విస్తళ్ళు కుట్టు స్త్రీలకును మహాసభా వేదికపై సన్మానము జరుగవలెను. దాతల పేర్లు చలువరాతిపై చెక్కింతుము. ఆళ్ళగడ్డ శిల్పులు మనకు జేరువనే యున్నారు. ఆ రాతిపై పొయ్యికడ నిలిచినవారి పేర్లకును కొంత చోటుండవలెను.

సంక్రాంతి పిమ్మట అహోబిల నరసింహస్వామి పార్వేట యుత్సవమునకై వెడలి, నలువది దినములకు మించి పల్లె పల్లెకును బోయి, అన్ని కులముల వారి గౌరవమును గైకొనును. స్వామికి లేని పట్టింపు సత్రమునకేల? వాసవీమాత యనుగ్రహమున మహాసభ జయప్రదమగుగాక. మన సత్రమున నెవ్వడును ప్రశ్నింపబడక భుజించుగాక.