చామనచాయ

గోదావరి జిల్లాల్లో పెళ్లిళ్ల పేరయ్య పిల్లని నలుపు అనడు. "చామనచాయండి, కళగల మొహం" అంటాడు. కట్నం మాటల్లో ఆ చాయ ఖరీదు మళ్లీ లెక్కకొస్తుందని రెండువైపులా తెలుసు.

సంస్కృత 'శ్యామ' మన నోట 'చామ' అయింది. రాజమండ్రిలో కొలువు చేసిన సి.పి. బ్రౌన్ నిఘంటువులో చామ అంటే స్త్రీ. కావ్యాల్లో అందగత్తెకు వాడిన మాట, ఇప్పుడు సంజాయిషీ! ఇంకొందరైతే "రంగు తక్కువ" అంటారు, తూకంలో తగ్గినట్టు. కృష్ణుడు నల్లనివాడైతే మాత్రం ముద్దు.

1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము 2020లో 'ఫెయిర్' వదిలి 'గ్లో' తగిలించుకుంది. పెళ్లి సంబంధాల కాగితాల్లో 'రంగు' గడి ఇంకా ఉంది. అబ్బాయివాళ్లు ఖాళీగా వదిలేసినా ఎవరూ అడగరు.