బడిబండికి తెరలు

ఆడవాళ్లకు ఏదైనా పని నేర్పాలనగానే మనం కుట్టుమిషన్ల లెక్క వేస్తాం. ఆ మిషన్ దాకా వాళ్లు వచ్చేదెలాగో ఆలోచించం. ఆ చిక్కు బాగా ఎరిగిన మనిషి బేగం రొకేయా సఖావత్ హుసేన్.

ఇప్పటి బంగ్లాదేశ్‌లోని రంగపూర్ జిల్లా పైరాబంద్‌లో, జమీందారీ కుటుంబంలో 1880లో పుట్టారు. ఆ ఇంట ఆడపిల్లలకు బెంగాలీ, ఇంగ్లీషు చదువులు కూడవు. రాత్రి ఇల్లు మాటుమణిగాక అన్నగారు ఇబ్రహీం ఆమెకు పాఠాలు చెప్పేవారు. పెళ్లయ్యాక భర్త ఆమె చదువును ప్రోత్సహించారు. ఆడపిల్లల బడి కోసమని 10,000 రూపాయలు విడిగా ఉంచారు.

1909లో ఆయన పోయారు. ఆ ఏడే భాగల్పూరులో 5గురు పిల్లలతో ఆమె బడి పెట్టారు. ఆస్తి తగాదాల వల్ల అక్కడ నిలవలేక, 1911లో కలకత్తాలో 8 మందితో మళ్లీ మొదలెట్టారు. తానెన్నడూ బడిలో చదవలేదు గదా! అందుకని వేరే బడులకు వెళ్లి, తరగతి నడిపే తీరు చూసి నేర్చుకున్నారు.

పిల్లల్ని బడికి తేవడం మరో చిక్కు. పర్దా కోసం బండిని అన్నివైపులా మూసేస్తే, లోపల గాలాడక పిల్లలు సొమ్మసిల్లారు. సరేనని తెరలు కట్టిస్తే, గాలికి అవి ఎగురుతున్నాయనీ, పర్దా మంటగలిసిందనీ కోపంగా ఉత్తరాలొచ్చాయి. ఈ సంగతి ఆమే 'అవరోధ్‌బాసిని'లో రాశారు.

ఆడవాళ్లను నాలుగు గోడల మధ్య బంధించడం ఆమెకు గిట్టదు. ఆ మాట నిర్భయంగా రాశారు కూడా. అయినా తాను బురఖా వేసుకునే ఇంటింటికీ తిరిగి పెద్దల్ని ఒప్పించారు. ఇదేం ద్వంద్వమని కొందరికి అనిపించవచ్చు. తండ్రికి నమ్మకం కుదరందే పిల్ల గడప దాటదని ఆమెకు తెలుసు. 1915 నాటికి బడిలో 84 మంది అయ్యారు. అక్షరాలతోబాటు కుట్టుపని, వంట, రోగులకు ఉపచారం, వ్యాయామం నేర్పేవారు.

మరి బడి ఈడు దాటినవాళ్ల మాటేమిటి? వాళ్ల కోసం 1916లో 'అంజుమన్-ఎ-ఖవాతీన్-ఎ-ఇస్లాం' అనే సంఘం పెట్టారు. సంఘం స్త్రీలు మురికివాడలకు తామే వెళ్లి చదువు, శుభ్రత, పిల్లల పెంపకం నేర్పారు. దిక్కులేని వితంతువులకు డబ్బు సాయం చేశారు.

1932 డిసెంబరు 9న ఆమె కన్నుమూశారు. ఆ బడి ఇవాళ్టికీ కోల్‌కతాలో ప్రభుత్వ పాఠశాలగా నడుస్తోంది. మీ పేటలో స్త్రీలకు శిక్షణ పెట్టేటప్పుడు ఆ బడిబండిని ఒకసారి తలుచుకోండి. ఏ వేళ వాళ్లకు వీలు, తోడు ఎవరొస్తారు, ఇంట్లో ఎవరిని ఒప్పించాలి, ఇవి ముందు కనుక్కోండి. మిషన్లు తర్వాత కొనవచ్చు.